బీఎడ్ అయ్యాక ఎక్కడ చదవాలి, ఎందుకు చదవాలి

అందరికీ నమస్కారం. ప్రిన్సిపాల్ గారు ఫోన్ చేసి "మా పిల్లలకి ఎంఎడ్ గురించి నాలుగు ముక్కలు చెప్పండి" అన్నారు. ఎంఎడ్ అంటే బీఎడ్ తర్వాత చదివే పీజీ కోర్సు. నాలుగు ముక్కలతో తేలే సంగతి కాదు కాబట్టి కాస్త ఓపిక పట్టండి. ముందు వరసల్లో రెండో సంవత్సరం బీఎడ్ వాళ్ళున్నారు. వెనక గోడవారగా అమలాపురం చుట్టుపక్కల మండలాల నుంచి వచ్చిన ప్రాథమిక బడుల ఎస్‌జీటీలు, స్కూల్ అసిస్టెంట్లు ఉన్నారు. మీ ఇద్దరి అవసరాలు వేరు. ఆ తేడా మాట్లాడుతూ ఉండగా తెలుస్తుంది.

"ఎంఎడ్ చేస్తే ఏమొస్తుందండీ?" కోనసీమలో ఏ బీఎడ్ కాలేజీకి వెళ్ళినా మొదట అడిగేది ఇదే. డీఎస్సీ దృష్టితో అడిగితే, ఏమీ రాదు. స్కూల్ అసిస్టెంట్ పోస్టుకి డిగ్రీ, బీఎడ్, టెట్ చూస్తారు. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు వేశారు కదా, ఎంఎడ్ ఉందని అందులో ఎవరికీ ఒక్క మార్కు కలపలేదు. కాబట్టి బడిలో ఉద్యోగమే మీ గురి అయితే రెండేళ్ళు ఇటు తిప్పుకోకండి.

మరి ఎంఎడ్ ఎవరికి? టీచర్లను తయారుచేసే చోట పనిచేయాలనుకునే వాళ్ళకి. మన బొమ్మూరు డైట్, దూబచర్ల డైట్ లాంటి జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థలు, మనం కూర్చున్న ఇలాంటి బీఎడ్ కాలేజీలు. ఇక్కడ చాలామంది బోల్తా పడే విషయం ఒకటుంది. ఎంఎడ్‌లో చేరడానికి బీఎడ్‌లో 50 శాతం చాలు. బీఎడ్ కాలేజీలో మెథడాలజీ, అంటే సబ్జెక్టు బోధించే పద్ధతి, చెప్పాలంటే మాత్రం, ఉపాధ్యాయ విద్యని నియంత్రించే ఎన్‌సీటీఈ 2014 నిబంధనల ప్రకారం, మీ సబ్జెక్టులో పీజీ 55 శాతంతో, ఎంఎడ్ కూడా 55 శాతంతో ఉండాలి. అంటే బీఎస్సీ, బీఎడ్, ఎంఎడ్ మూడూ చేసి ఎమ్మెస్సీ చేయని మనిషికి ఆ తలుపు తెరుచుకోదు. ఎంఎడ్ అయ్యాక ఈ సంగతి తెలిసి, మళ్ళీ దూరవిద్యలో పీజీ కట్టినవాళ్ళు నాకు బాగా తెలుసు. మీ సబ్జెక్టు పీజీ ముందా, ఎంఎడ్ ముందా అన్నది ఇవాళే కూర్చుని ఆలోచించుకోండి.

ఎంఏ ఎడ్యుకేషన్ వేరే దారి. చాలాచోట్ల దానికి బీఎడ్ కూడా అక్కర్లేదు, ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. పాఠ్యపుస్తకాలు, పరీక్షా విధానాలు, స్వచ్ఛంద సంస్థల్లో విద్యా కార్యక్రమాలు, పరిశోధన, ఇటువైపు మనసున్న వాళ్ళకి అది నప్పుతుంది. ఎంఏ ఎడ్యుకేషన్, బీఎడ్ రెండింటిలోనూ 55 శాతం ఉంటే బీఎడ్ కాలేజీలో ఫౌండేషన్ పేపర్లు, అంటే విద్యా తత్వం, మనోవిజ్ఞానం లాంటివి, చెప్పే అర్హత కూడా అవే నిబంధనలు ఇస్తున్నాయి. ఎంఏ అంటే ఎంఎడ్ కంటే తక్కువని మన ఊళ్ళలో ఒక మాట తిరుగుతుంది. దాన్ని పట్టించుకోకండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ప్రిన్సిపాల్ గారికి కాస్త ఇబ్బందిగా ఉండొచ్చు. "క్లాసుకి రానక్కర్లేదండీ, పరీక్షలకొస్తే చాలు, రికార్డులు మేమే చూసుకుంటాం." కాలేజీల వాళ్ళు చెప్పే ఈ మాట మీలో వినని వాళ్ళు చేతులెత్తండి. ఎవరూ ఎత్తలేదు. నిబంధన ఏమో ఏడాదికి 200 పనిదినాలు, థియరీకి 80 శాతం హాజరు, ఫీల్డ్ పనికి 90 శాతం. జరిగేదేమో ఫీజు మీద ఇంకొంత కట్టించుకుని నాన్ అటెండింగ్. ఇది తప్పా ఒప్పా అని నీతి చెప్పడానికి రాలేదు. నష్టం ఎక్కడుందో చెబుతాను. రేపు మీరు వెళ్ళి కూర్చోబోయేది టీచర్లకి టీచింగ్ నేర్పే కుర్చీలో. మీ ఎదురుగా ఇరవై రెండేళ్ళ పిల్ల లేచి "మేడమ్, తొమ్మిదో తరగతిలో సగం మందికి భాగాహారం రాదు, బీజగణితం ఎలా చెప్పను?" అంటుంది. కొనుక్కున్న రికార్డులో దానికి జవాబు ఉండదు.

అందుకని కాలేజీ చూడ్డానికి వెళ్ళినప్పుడు బిల్డింగ్ చూడకండి. మామూలు మంగళవారం నాడు, చెప్పకుండా వెళ్ళండి. ఎంఎడ్ క్లాసు జరుగుతోందో లేదో తెలిసిపోతుంది. లైబ్రరీలో పాత డిసర్టేషన్లు, అంటే ఎంఎడ్ విద్యార్థులు రాసిన పరిశోధన వ్యాసాలు, అడిగి తీసి చూడండి. "ఉపాధ్యాయుల వైఖరి, తూర్పు గోదావరి జిల్లా, ఒక అధ్యయనం" అన్నది వరసగా పదేళ్ళపాటు కనిపిస్తే, 2022లో జిల్లాలు విడిపోయాక అదే కోనసీమ జిల్లా పేరుతో మళ్ళీ కనిపిస్తే, అక్కడ గైడ్ ఏం చేస్తున్నారో మీకే అర్థమవుతుంది. ఎంఎడ్ పిల్లలు బడికి వెళ్ళి క్లాసులు గమనించి, మాట్లాడి రాసిన డిసర్టేషన్ ఒక్కటి దొరికినా, అది రాయించిన గైడ్ ఎవరో కనుక్కోండి. కాలేజీ కంటే ఆ మనిషి ముఖ్యం.

మన రాష్ట్ర యూనివర్సిటీల్లో, అంటే రాజమండ్రి నన్నయలోనూ విశాఖ ఆంధ్రలోనూ, ఎంఎడ్‌కి ఏపీ పీజీసెట్ రాయాలి. మైసూరులో ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ళ ప్రాంతీయ విద్యా సంస్థ ఉంది. 1963 నుంచి నడుస్తోంది, ఆంధ్రప్రదేశ్ దాని పరిధిలోకే వస్తుంది. అయినా ఇక్కడి నుంచి అప్లై చేసేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. దానికి ఎన్‌సీఈఆర్‌టీ విడిగా ప్రవేశ పరీక్ష పెడుతుంది. ఢిల్లీ లాంటి కేంద్రీయ విశ్వవిద్యాలయాలకి సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఎంఏ ఎడ్యుకేషన్ అయితే టిస్ (టాటా సామాజిక విజ్ఞాన సంస్థ) హైదరాబాద్ క్యాంపస్, బెంగళూరులో అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం చూడండి. ప్రేమ్‌జీలో వాళ్ళ సొంత పరీక్ష, ఇంటర్వ్యూ. కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజు మాఫీ ఉంటుంది కాబట్టి ఫీజు అంకె చూసి అక్కడే ఆగిపోవద్దు.

ఉద్యోగంలో ఉన్న టీచర్లకి దూరవిద్యలో ఇగ్నో ఎంఏ ఎడ్యుకేషన్ మంచి దారే. సెలవు అక్కర్లేదు, పుస్తకాలు బాగుంటాయి. అది ఎంఎడ్ కాదన్నది మాత్రం గుర్తుంచుకోండి. 2025 ఫిబ్రవరిలో ఎన్‌సీటీఈ ఒక ముసాయిదా పెట్టింది. ఫుల్ టైమ్ ఎంఎడ్ ఏడాదికి తగ్గించి, పనిచేసే టీచర్లకి పార్ట్ టైమ్‌లో రెండేళ్ళు పెట్టాలని అందులో ఉంది. మీరు చేరే ఏడాది ఏ పద్ధతి నడుస్తోందో చూసుకుని అడుగేయండి.

అప్లికేషన్‌లో అడిగే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్, అంటే ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారో రాసే వ్యాసం, దగ్గర మన పిల్లలు తడబడతారు. "చిన్నప్పటి నుంచి ఉపాధ్యాయ వృత్తి అంటే నాకు ఎనలేని గౌరవం" అని మొదలుపెడతారు. ఆ వాక్యం చదివి చదివి వాళ్ళకి విసుగొచ్చేసి ఉంటుంది. మీరు ఇంటర్న్‌షిప్‌లో 16 వారాలు బడిలో ఉన్నారు. ఏం చూశారు? ఇక్కడ లంక గ్రామం నుంచి పడవ మీద వచ్చే పిల్లలున్నారు. జులై, ఆగస్టుల్లో గోదావరికి వరదొస్తే వాళ్ళ బడి ఆగిపోతుంది. నీళ్ళు తీశాక వచ్చిన పిల్లాడు ఏ పాఠం దగ్గర ఆగాడు, టీచరు ఎక్కడి నుంచి మొదలుపెట్టారు? భీమవరం వైపు చేపల చెరువుల మీద కాపలాకి వలస వచ్చిన కుటుంబాల పిల్లలు ఏ బడిలో ఉన్నారు? 1874లో కందుకూరి వీరేశలింగం గారు ఆడపిల్లల బడి పెట్టిన ధవళేశ్వరంలో ఇవాళ ఇంటర్ తర్వాత అమ్మాయిలు ఎటు వెళ్తున్నారు? ఇందులో ఒక్క ప్రశ్న పట్టుకుని, మీరు చూసింది ఒక పేరా, తెలుసుకోవాలనుకునేది ఒక పేరా రాయండి. ఆ కోర్సులో ఎవరి దగ్గర అది నేర్చుకోగలరో ఇంకో పేరా. అంతే. ఇంగ్లీషు సాదాగా ఉన్నా ఫర్వాలేదు. నెట్‌లో దొరికిన గొప్ప వాక్యం అతికిస్తే ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకే దొరికిపోతారు.

రికమెండేషన్ లెటర్ సంగతి. "నువ్వే రాసుకురామ్మా, సంతకం పెడతాను" అంటారు మా లెక్చరర్లు. ఇది మా లోపం, మీది కాదు. కాబట్టి మీ క్లాసు కూర్చుని చూసిన లెక్చరర్‌నే అడగండి. మీరు చెప్పిన పాఠం పేరు, తేదీ, ఆయన అప్పుడు అన్న మాట ఒక కాగితం మీద రాసిచ్చి, నెల ముందే అడగండి.

డబ్బు విషయం. 2020 డిసెంబరులో వచ్చిన జీవో 77 ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవాళ్ళకి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆపేసింది. ఆ జీవో మీద ప్రకటనలు వస్తూనే ఉన్నాయి. ప్రకటన నమ్ముకుని సీటు తీసుకోకండి. మీ కాలేజీకి, మీ కోర్సుకి వర్తిస్తుందన్న కాగితం చూశాకే ఫీజు కట్టండి.

ఆడపిల్లల తండ్రులు కూడా కొందరు వచ్చారని విన్నాను. "రాజమండ్రిలోనే ఉండగా బెంగళూరు ఎందుకండీ?" అంటారు. కాకినాడలో శేషాద్రి ఎక్కితే దిగేది బెంగళూరులోనే, మధ్యలో మారే పనే లేదు. హాస్టల్ ముందుగా ఒకసారి మీరే వెళ్ళి చూసి రండి. అప్పుడు కాదంటే సరే. చూడకుండా కాదనకండి.

చివరగా కాగితాలు. రాష్ట్ర బీసీ సర్టిఫికెట్ కేంద్ర సంస్థలకి పనికిరాదు. కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ వేరే తీసుకోవాలి, మీ కులం కేంద్ర జాబితాలో ఉందో లేదో ముందు చూసుకోవాలి. ఇంకోటి, మనవాళ్ళకి పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది. ఆన్‌లైన్ ఫారం ఆ రెండింటినీ వేర్వేరు మనుషులనుకుంటుంది. కౌన్సెలింగ్ ముందురోజు మీసేవ చుట్టూ తిరిగే టెన్షన్ ఎందుకు? ఇవాళ ఇంటికెళ్ళగానే రెండూ పక్కపక్కన పెట్టి చూడండి, తేడా ఉంటే ఈ వారంలోనే సరిచేయించుకోండి. ఇక మీ ప్రశ్నలు అడగండి. వెనక వరస టీచర్లు ముందు.