పిన్ పార్వతి పాస్ ట్రెక్ రివ్యూ: నాకు నచ్చింది గైడ్ నడక, నచ్చనిది ఒక బిల్లు

అందరికీ నమస్కారం. తిరుపతిలో మా మేడ మీద నుంచి మాట్లాడుతున్నా. వెనక కనిపించేవి మన శేషాచలం కొండలే. ముందే ఒక మాట చెప్పేస్తా. ఈ ట్రెక్‌కి తీసుకెళ్ళిన సంస్థ నా దగ్గర ఫీజు తీసుకోలేదు, వీడియో చేయమంది. రైలు టికెట్లు, బూట్లు, జాకెట్ మాత్రం నా డబ్బులే. వాళ్ళ పేరు చెప్పను. ఎందుకో వింటే మీకే అర్థమవుతుంది.

ఎన్ని రోజులు, ఎంత ఫీజు, ఏ క్యాంపు తర్వాత ఏ క్యాంపు, ఇవన్నీ మీరు ఈపాటికే చూసేసి ఉంటారు. హిమాచల్ ప్రదేశ్‌లో కులు వైపు బర్షేణి దగ్గర మొదలుపెట్టి, ఖీర్‌గంగ వేడినీళ్ళ గుండం దాటి, పార్వతి నది వెంబడే మంతలాయి సరస్సు దాకా పోతాం. అక్కడి నుంచి 5,319 మీటర్ల ఎత్తున్న పాస్, అంటే కొండల మధ్య కనుమ, ఎక్కి, అవతల స్పితిలో ముద్ అనే ఊళ్ళో దిగుతాం. ఇటు పచ్చటి అడవి, అటు గడ్డి కూడా సరిగ్గా మొలవని బూడిదరంగు కొండలు. వానమబ్బులు ఈ శిఖరాల దగ్గరే ఆగిపోతాయి మరి.

నేను చెప్పాలనుకున్నది మా గైడ్ నడక గురించి.

అలిపిరి 3,550 మెట్లు ఎవరు ఎంతసేపట్లో ఎక్కారనేది మన ఊళ్ళో పెద్ద విషయం కదా. ఈ ట్రెక్ కోసం నేనూ మూడు నెలలు వారానికి రెండుసార్లు ఎక్కా. గాలిగోపురం దాకా ఆగకుండా, మోకాళ్ళ పర్వతం దగ్గర పళ్ళు బిగించి, రెండు గంటల్లో పైన ఉండేదాన్ని. అక్కడా మొదటిరోజు అదే ఊపులో ముందు పోతుంటే గైడ్ పిలిచి తన వెనకే నడవమన్నారు. యాభై దాటిన మనిషి, మేమంతా భాయీజీ అనేవాళ్ళం. నాకు చిరాకేసింది.

మూడో రోజు నుంచి ఆయన కాళ్ళనే చూడడం మొదలుపెట్టా. ముందు కాలు పెడతారు, కానీ బరువు వేయరు. వెనక మోకాలు నిటారుగా చాపి, ఒక్క క్షణం ఆ కాలి మీదే నిలబడతారు. ఆ క్షణం బరువంతా ఎముక మీద ఉంటుంది, తొడ కండకి విశ్రాంతి. ఊపిరి వదిలి, అప్పుడు ముందు కాలి మీదకి వస్తారు. ప్రతి అడుగూ అంతే. దీన్ని రెస్ట్ స్టెప్ అంటారు. ఆయన మాత్రం "ధీరే ధీరే" అనేవారు, అంతే.

పాస్ రోజు దాని విలువ తెలిసింది. ఎండెక్కితే మంచు మెత్తబడి కింద పగుళ్ళు బయటపడతాయని చీకట్లోనే బయల్దేరాం. అందరం ఒకే తాడుకి కట్టుకున్నాం. అంత ఎత్తులో ఊపిరి పీల్చినప్పుడు అందే ఆక్సిజన్ ఇక్కడ మనకి అందేదాంట్లో దాదాపు సగం. భాయీజీ బూటుతో మంచులో మెట్టు తొక్కుతుంటే, హెడ్‌ల్యాంప్ వెలుగులో నాకు కనిపించింది ఆ మెట్టొక్కటే. కర్రుమని మంచు చప్పుడు, ఆగడం, ఊపిరి. మళ్ళీ కర్రుమని. పైకి చేరాక ఆయాసం లేదు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఇంతకుముందు ఉత్తరాఖండ్‌లో కేదార్‌కంఠ ట్రెక్‌కి వేరే బృందంతో వెళ్ళా. అక్కడి గైడ్ ముందు పోయి కూర్చునేవాడు, వెనకబడ్డవాళ్ళు వచ్చేసరికి లేచి బయల్దేరేవాడు. బాగా అలసినవాళ్ళకే విశ్రాంతి దొరికేది కాదు!

తిండి బాగుంది, పప్పన్నం వేడివేడిగా పెట్టారు. మా అమ్మ కట్టిచ్చిన చెనక్కాయల పొడి టెంట్లన్నీ తిరిగి మూడో రోజుకే ఖాళీ. స్లీపింగ్ బ్యాగ్‌కి వంక పెట్టను.

ఇక నచ్చనిది. మంతలాయి దగ్గర ఒక రోజు విశ్రాంతి అని షెడ్యూల్‌లో రాసి ఉంది. వాన వల్ల కింద ఒక రోజు వృథా అయితే ఆ విశ్రాంతి రోజు తీసేయమని ఆఫీసువాళ్ళు గైడ్‌కి చెప్పి పంపారట. వాన వచ్చింది, రోజు పోయింది. మంతలాయి చేరిన సాయంత్రం మాలో ఒకాయనకి తలనొప్పి, వాంతులు. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్లకి మించి పెంచకూడదని, మూడు నాలుగు రోజులకోసారి ఆగాలని, ఇలాంటి లక్షణాలుంటే అసలు పైకి వెళ్ళకూడదని డాక్టర్లు చెప్తారు. భాయీజీ ఆఫీసు మాట పక్కన పెట్టి ఆగిపోయారు. ఆ రాత్రి రెండుసార్లు లేచి ఆయన్ని చూసొచ్చారు. మర్నాడు సాయంత్రానికి తలనొప్పి తగ్గి, ఆయనే అన్నం అడిగారు.

ముద్‌లో దిగాక, అలా ఆగిన రోజు ఖర్చు తలా ఇంత కట్టమని సంస్థ అడిగింది. నన్ను మాత్రం అడగలేదు, వీడియో తీసేదాన్ని కాబట్టి. నాకు చాలా బాధేసింది. నా వాటా నేను కట్టేశా.

అందుకే ట్రెక్‌కి వెళ్ళమంటా, ఆ సంస్థతో వెళ్ళమని మాత్రం చెప్పను. డబ్బు కట్టేముందు అడగండి: అదనపు రోజు ఉందా, దాని ఖర్చు ఎవరిది, ఆగాలా వద్దా అనేది గైడ్ చేతిలో ఉంటుందా? ఇంతకుముందు ఎత్తైన ట్రెక్ చేయనివాళ్ళు దీనితో మొదలుపెట్టకండి.

నిన్న పొద్దున అలిపిరి వెళ్ళా. మోకాళ్ళ పర్వతం దగ్గర భాయీజీ అడుగే వేశా. పక్కన ఒక పెద్దావిడ మెట్టు మెట్టుకీ పసుపు కుంకుమ పెడుతూ ఎక్కుతోంది. ఆ మెట్లన్నీ ఇద్దరం పక్కపక్కనే ఎక్కాం.