అటక మీద పుట్టిన మ్యూజియం, నలభై ఏళ్ల తర్వాత తీరిన బాకీ

తమ్ముడు: అందరికీ నమస్తే. ఈసారి జపాన్ గురించి మాట్లాడదాం అన్నాను, కానీ అనిమే, బుల్లెట్ ట్రైన్ లాంటివి అందరూ చెప్పేస్తున్నారు, వేరే ఏదైనా చెప్పు అక్కా అని అడిగాను. అక్క గడ్డి చెప్పులతో వచ్చింది.

అక్క: గడ్డి చెప్పులే కదా అని తీసెయ్యకు రా, వాటి దగ్గరికే వస్తాను. యొకొహామాలో కనగావా విశ్వవిద్యాలయం ఉంది. అందులో జపాన్ మామూలు జనం ఎలా బతికారు అన్నదాని మీదే పనిచేసే ఒక పరిశోధనా సంస్థ, దానితోపాటు ఒక మ్యూజియం ఉన్నాయి. రాజుల కత్తులూ కిరీటాలూ కాదు. చేపలు పట్టేవాళ్లు, రైతులు, వాళ్ల పనిముట్లు, వాళ్ల ఇళ్లలో దొరికిన పాత కాగితాలు. నాకు జపాన్‌లో అన్నిటికంటే ఇష్టమైన సంస్థ ఇదే, ఎందుకో చెప్తాను.

తమ్ముడు: విశ్వవిద్యాలయమే మొదలుపెట్టిందా?

అక్క: లేదు, వాళ్ల చేతికి వచ్చింది 1982లో. మొదలైంది 1921లో, టోక్యోలో షిబుసావా కేజో అనే కుర్రాడి ఇంట్లో, అటక మీద. జపాన్ కొత్త పదివేల యెన్ నోటు మీద బొమ్మ ఉంది చూడు, షిబుసావా ఎయిచి, ఆయన మనవడు. ఈ అబ్బాయికి జంతుశాస్త్రం చదవాలని పిచ్చి కోరిక. తాతగారేమో ఇంటి వ్యాపారం నువ్వే చూసుకోవాలని మనవడి ముందు తల వంచి బతిమాలారు. అంత పెద్దాయన అలా అడిగితే ఇంకేం చేస్తాడు, ఒప్పుకున్నాడు. కానీ ఆ ఆసక్తి పోలేదు, స్నేహితులతో కలిసి రాళ్లూ, బొమ్మలూ, పల్లెల్లో పిల్లలు ఆడుకునే వస్తువులూ పోగేయడం మొదలుపెట్టాడు. దానికి అటిక్ మ్యూజియం అని పేరు పెట్టుకున్నారు. యుద్ధం రోజుల్లో, 1942లో, ఇంగ్లిష్ పేరు ఉండకూడదని జపనీస్ పేరు పెట్టారు, సంస్థకు ఇప్పటికీ అదే పేరు.

తమ్ముడు: బొమ్మల నుంచి చెప్పులకు ఎలా వచ్చారు?

అక్క: పోగేసేకొద్దీ ఆయన చూపు ఆటబొమ్మల మీంచి రోజూ వాడే వస్తువుల మీదకి మళ్లింది. బుట్ట, కాడి, గొడుగు, చెప్పు. అషినాకా అని ఒక రకం గడ్డి చెప్పు ఉంది, పాదంలో ముందు సగమే ఉంటుంది, మడమ కింద ఏమీ ఉండదు. బురదలో, తడి రాళ్ల మీద జారకుండా పట్టు దొరుకుతుంది. 1930ల్లో వీళ్లు ఊరూరా ఆ చెప్పులు తెప్పించి, ఏ ఊళ్లో ముడి ఎలా వేస్తారు, గడ్డి ఎలా మెలిపెడతారు అని చూశారు. లోపలి అల్లిక బయటికి కనపడదు కదా, అందుకని ఎక్స్‌రే తీశారు.

తమ్ముడు: చెప్పుకి ఎక్స్‌రేనా!

అక్క: అవును. అరిగిపోతే పారేసే చెప్పుకి. చేసినవాడి పేరు ఎక్కడా ఉండదు, కానీ వాడి చేతి పనితనం మాత్రం ఆ ముడిలో ఉంది, దాన్ని చదవొచ్చు అని వీళ్లు నమ్మారు. నాకు ఈ సంస్థ మీద గౌరవం అక్కడే మొదలైంది.

తమ్ముడు: ఇంత డబ్బున్న మనిషి, ఆ పని తనే చేశాడా, చేయించాడా?

అక్క: రెండూ. తను బ్యాంకులో పనిచేస్తూనే చదివేవాడు, రాసేవాడు. 1932లో ఒంట్లో బాగాలేక ఇజు తీరంలో ఒక చేపల పల్లెలో విశ్రాంతి తీసుకుంటుంటే, అక్కడ ఒక పాత కుటుంబం ఇంట్లో వందల ఏళ్ల కాగితాలు బయటపడ్డాయి. వలల వాటాలు, పన్నులు, తగాదాలు, అన్నీ. దాన్ని పట్టుకుని తనే పెద్ద సిద్ధాంతం రాసేయలేదు, ఉన్నవి ఉన్నట్టు అచ్చు వేయించి పండితుల ముందు పెట్టాడు. ఎంతోమంది పరిశోధకులను పోషించాడు కూడా. మియమోతో త్సునెయిచి అని, దేశమంతా కాలినడకన తిరిగి పల్లె ముసలివాళ్ల మాటలు రాసుకున్నాయన, చాలా ఏళ్లు ఈయన ఇంట్లోనే ఉన్నాడు. షిబుసావా ఆ తర్వాత బ్యాంక్ ఆఫ్ జపాన్ గవర్నర్ అయ్యాడు, 1945లో ఆర్థికమంత్రి అయ్యాడు. ఆస్తిపరుల మీద భారీ పన్నుకి ఏర్పాట్లు జరిగింది ఆయన హయాంలోనే, ఆ పన్ను కింద సొంత భవనాన్నే ప్రభుత్వానికి ఇచ్చేసి అదే ఆవరణలో చిన్న ఇంట్లోకి మారాడు.

తమ్ముడు: మరి ఆ బాకీ సంగతి? ముందే ఊరించావు.

అక్క: చెప్తా. యుద్ధం అయ్యాక చేపల వేట హక్కుల చట్టం మారింది. పాత హక్కుల కాగితాలన్నీ పోతాయేమోనని 1949లో ప్రభుత్వ మత్స్యశాఖ ఈ సంస్థకి పని అప్పజెప్పింది. కుర్ర పరిశోధకులు తీరం వెంట ఊరూరా తిరిగి, చూసి పంపిస్తామని చెప్పి ఇళ్ల నుంచి పాత కాగితాలు తెచ్చారు. అరువు అన్నమాట. కొన్నేళ్లకి నిధులు ఆగిపోయాయి. మనుషులు తలోదిక్కుకీ వెళ్లిపోయారు. కాగితాలు పెట్టెల్లో ఉండిపోయాయి. ఇచ్చినవాళ్లు ఉత్తరాలు రాస్తున్నారు, మా కాగితాలు ఏవీ అని.

తమ్ముడు: అయ్యో. వాళ్ల తాతముత్తాతలవి కదా.

అక్క: అదే కదా బాధ. ఆ కుర్రాళ్లలో ఒకాయన అమినో యోషిహికో, తర్వాత చాలా పెద్ద చరిత్రకారుడు అయ్యాడు. ఆయన 1980లో నగోయా విశ్వవిద్యాలయం వదిలి కనగావా వాళ్ల దగ్గరికి వచ్చాడు. సంస్థను విశ్వవిద్యాలయం తీసుకున్నాక అక్కడి వాళ్లతో కలిసి ఆ కాగితాలు పట్టుకుని ఒక్కో ఇంటికీ బయలుదేరాడు. త్సుషిమా ద్వీపం, జపాన్ దీవుల మధ్య ఉండే సెతో సముద్రంలో ఫుతాగామి ద్వీపం, నోతో ద్వీపకల్పం. తిడతారని భయపడుతూ వెళ్లాడు. చాలాచోట్ల కూర్చోబెట్టి భోజనం పెట్టి, ఇంకా మా ఇంట్లో కాగితాలున్నాయి చూస్తారా అన్నారు. దీని మీద ఆయన ఒక పుస్తకమే రాశాడు.

తమ్ముడు: నాకైతే తిట్టకపోవడమే ఆశ్చర్యంగా ఉంది.

అక్క: నాకూ. కానీ విను, చదువుల పరంగా కూడా అది ఎంత మేలు చేసిందో. నోతోలో తోకికుని అని పాత కుటుంబం. పెద్ద భూస్వాములు, కింద పాలేర్లు అని అందరూ అనుకునేవాళ్లు. కాగితాలు తిరిగి ఇవ్వడానికి వెళ్లినవాళ్లు అక్కడే కొత్త పరిశోధన మొదలుపెట్టారు. జపాన్ ఇళ్లలో పక్కకి జరిపే తలుపులుంటాయి కదా, వాటికి గట్టిదనం కోసం లోపల చిత్తుకాగితాలు అతికిస్తారు. ఆ చిత్తుకాగితాల్లో ఓడల లెక్కలు దొరికాయి. వాళ్లు సరుకు వేసుకుని ఉత్తరాన హొక్కైదో వైపు, ఇటు ఒసాకా వైపు ఓడలు నడిపిన వ్యాపారులు. దాచిపెట్టిన మంచి కాగితాలేమో పన్నులూ పొలాలూ, అంటే అధికారికి చూపించాల్సినవి. అసలు బతుకు చెత్తలో ఉంది. లెక్కల్లో రైతు అని రాసినంత మాత్రాన పొలం దున్నేవాడే అనుకోకండి, వాళ్లలో వ్యాపారులూ ఓడ యజమానులూ కూడా ఉన్నారు అని అమినో గట్టిగా వాదించడానికి ఇది పెద్ద ఆధారం అయింది.

తమ్ముడు: అంటే బాకీ తీర్చడానికి వెళ్లకపోతే ఇది దొరికేదే కాదు.

అక్క: అంత తేలిగ్గా దొరికేది కాదు. 2024 జనవరి 1న నోతోలో పెద్ద భూకంపం వచ్చింది కదా, తోకికుని కుటుంబానికి ఎగువ ఇల్లు, దిగువ ఇల్లు అని రెండు ఇళ్లున్నాయి, అందులో ఎగువ ఇల్లు కూలిపోయింది. ఆ వార్త చూసి నాకు కడుపు తరుక్కుపోయింది.

తమ్ముడు: ఇప్పుడు వినేవాళ్లలో ఎవరైనా జపాన్‌లో ఉంటే ఏం చూడమంటావు?

అక్క: యొకొహామాలో తోయోకో లైన్ మీద హకురాకు స్టేషన్‌లో దిగితే క్యాంపస్‌కి నడిచి వెళ్లొచ్చు. సెలవులు చూసుకుని వెళ్లండి. అటక మీద పోగైన వస్తువులు మాత్రం ఇప్పుడు అక్కడ లేవు, ఒసాకాలో జాతీయ మానవజాతి మ్యూజియంకి చేరాయి. ఇంకొకటి, వీళ్లు చేసిన బొమ్మల నిఘంటువు. పొడవాటి కాగితం మీదో పట్టు మీదో బొమ్మలు గీసి చుట్టి పెట్టేవాళ్లు, అలాంటి పాత చుట్టల్లోంచి మామూలు జనం ఉన్న ముక్కలు తిరిగి గీసి, ప్రతిదానికీ నంబర్ వేశారు. 1299లో ఇప్పెన్ అనే సన్యాసి ప్రయాణాల మీద గీసిన చుట్ట ఉంది. గీసినవాడికి ముఖ్యం సన్యాసే. వీళ్లు మాత్రం వెనక సంతలో బియ్యం, చేపలు, బట్టలు అమ్ముతున్నవాళ్లని చూశారు, ఎలా కూర్చున్నారు, కాళ్లకి ఏముంది, కుండ ఏ ఆకారంలో ఉంది అని.

తమ్ముడు: జపనీస్ రాకపోతే?

అక్క: దానికి ఇంగ్లిష్‌లోనూ ఒక రూపం తెచ్చారు. బొమ్మ పక్కన నంబర్, నంబర్ పక్కన పేరు, అంతే కాబట్టి భాష పెద్ద అడ్డు కాదు. ముందు సంత బొమ్మ తియ్యి, అక్కణ్నుంచి చదువు.