చెరువు మోటార్లు వేయగానే పీసీ రీస్టార్ట్ అవుతోందా? ఎస్‌ఎమ్‌పీఎస్ కొనే ముందు ఇది చూడండి

(రాత్రి. కిటికీ అవతల రొయ్యల చెరువు, ఏరేటర్ల చప్పుడు. టేబుల్ మీద పీసీలో గేమ్ నడుస్తోంది. గదిలో లైటు ఒక్కసారి మసకబారి మళ్ళీ వెలుగుతుంది. మానిటర్ నల్లబడుతుంది.)

చూశారు కదండీ. ఇది మా పిన్ని కొడుకు పీసీ. ఊరు భీమవరం పక్కన. నెల రోజులపాటు వీడి గోల ఇదే. "అన్నయ్యా, పగలు ఎంతసేపు ఆడినా ఏం కాదు. రాత్రి పది దాటిందంటే చాలు, రీస్టార్ట్ అయిపోతోంది." గ్రాఫిక్స్ కార్డు పోయిందనుకుని కొన్న షాపుకి పట్టుకెళ్ళాడు. వాళ్ళు రెండు రోజులు ఉంచుకుని, బానే ఉందని తిరిగిచ్చేశారు. నిజంగానే బానే ఉంది మరి.

ఓ రాత్రి వాడి పక్కన కూర్చుంటే విషయం తెలిసింది. రాత్రయితే చెరువు నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది, అందుకని ఏరేటర్లు, అంటే నీళ్ళలో గాలి కలిపే మోటారు యంత్రాలు వేస్తారు. మోటారు తిరగడం మొదలయ్యే క్షణంలో మామూలుగా తీసుకునే కరెంటుకి ఐదారు రెట్లు లాగుతుంది. చుట్టుపక్కల ఇళ్ళలో వోల్టేజీ రెప్పపాటు కిందకి జారుతుంది. మనకి బల్బు మిణుక్కుమంటుంది, అంతే. వీడి పీసీకి అదే చాలు.

(కేబినెట్ పక్క తలుపు తీసి ఎస్‌ఎమ్‌పీఎస్‌ని దగ్గరగా చూపించాలి.)

దోషి ఇదండీ, ఎస్‌ఎమ్‌పీఎస్. గోడలోంచి వచ్చే కరెంటుని పీసీకి తగ్గట్టు మార్చి ఇచ్చే పవర్ సప్లై పెట్టె. కేబినెట్‌తో పాటు ఫ్రీగా వచ్చింది. పైన పెద్దక్షరాల్లో 500 వాట్లు అని ఉంది. దాన్ని వదిలేసి కింద చిన్న పట్టిక చూడండి. 12 వోల్టుల గడిలో 18 ఆంపియర్లు. పన్నెండు పద్దెనిమిదులు 216. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ బతికేది ఈ 12 వోల్టుల లైను మీదే. అంటే గేమింగ్ పీసీకి ఇది 500 కాదు, 216 వాట్ల సరుకు. నిజమైన 650 వాట్ల దాని మీద అదే గడిలో 54 ఆంపియర్ల దాకా ఉంటుంది. షాపులో నిలబడి ఈ ఒక్క గుణకారం చేయండి, సగం మోసాలు అక్కడే బయటపడతాయి.

ఇప్పుడు మావాడి లెక్క. రైజెన్ 5 7600 ప్రాసెసర్ గట్టిగా పనిచేస్తే 88 వాట్ల దాకా తీసుకుంటుంది. ఆర్‌టీఎక్స్ 4060 కార్డు 115. బోర్డు, ఫ్యాన్లు, ఎస్‌ఎస్‌డీ అన్నీ కలిపి ఇంకో 50 వేసుకోండి. మొత్తం సుమారు 250. మరి ఆ కార్డుకి దాని కంపెనీ ఎన్విడియా 550 వాట్ల పవర్ సప్లై పెట్టమంటుంది. ఎందుకంత? గ్రాఫిక్స్ కార్డు కరెంటుని స్థిరంగా తాగదండీ, గుటకలు గుటకలుగా లాగుతుంది. ఆ గుటక కాలం మిల్లీసెకనులో ఎక్కడో పదోవంతు ఉండొచ్చు గానీ సగటుకి రెట్టింపు దాటిపోవచ్చు. అందుకే పీసీ పవర్ సప్లైల కోసం 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం ప్రకారం, పెద్ద కార్డుల కోసం చేసిన పవర్ సప్లై తన వాట్లకి రెండింతల లోడుని 100 మైక్రోసెకన్లపాటు తట్టుకోవాలి.

అది కార్డు వైపు కథ. మన గోదావరి జిల్లాల్లో అసలు కథ గోడ వైపు ఉంది.

(మండువా ఇంటి పెరట్లో కుళాయి, దాని కింద నీళ్ళ కుండీ.)

కుళాయి ఆగినా కుండీలో నీళ్ళున్నంతసేపు అంట్లు తోమడం ఆగదు కదా. ఎస్‌ఎమ్‌పీఎస్ లోపల ఆ కుండీ పని చేసేది ఓ లావుపాటి కెపాసిటర్. కరెంటు తెగినా కొద్దిసేపు అది నడిపిస్తుంది. ఆ ప్రమాణం తర్వాతి రూపం ఏటీఎక్స్ 3.1 ప్రకారం పూర్తి లోడులో 12 మిల్లీసెకన్లు, 80 శాతం లోడులో 17. మన 50 హెర్ట్జ్ కరెంటులో ఒక సైకిలంటే 20 మిల్లీసెకన్లు, కాబట్టి ఇదేం పెద్ద నిల్వ కాదు. కానీ లోడు తగ్గేకొద్దీ కుండీ ఎక్కువసేపు వస్తుందని గమనించండి. అందుకే 250 వాట్ల పీసీకి నేను 650 కొనమంటాను. హైదరాబాద్ అపార్ట్‌మెంటులో ఉండేవాడికి 550 హాయిగా సరిపోతుంది. చెరువుగట్టున ఉన్నవాడికి ఆ వంద వాట్లు కార్డు కోసం కాదు, ఏరేటర్ కోసం. 4070 లాంటి 200 వాట్ల కార్డయితే 750 తీసుకోండి. అలాగని 4060కి 1000 వాట్లు పెట్టడం మాత్రం దండగ.

లేబుల్ మీద ఇన్‌పుట్ 100 నుంచి 240 వోల్టులు అని ఉండాలి. అలా ఉన్నదానికి 170కి పడినా పర్వాలేదు, దానికి ఫ్రిజ్ స్టెబిలైజర్ అక్కర్లేదు. వెనక 115, 230 అని ఎర్ర స్విచ్చు ఉందంటే అది పాతకాలపు సరుకు, కొనకండి. పిల్లలెవరైనా దాన్ని 115 వైపు నొక్కితే ఢామ్మంటుంది.

80 ప్లస్ గురించి, అంటే కరెంటుని ఎంత తక్కువ వృథా చేస్తుందో చెప్పే ముద్ర గురించి, అందరూ అడుగుతారు. బ్రాంజా, గోల్డా? 300 వాట్ల పీసీని సగం లోడులో గోల్డ్ 92 శాతం సామర్థ్యంతో, బ్రాంజ్ 88 శాతంతో నడిపిస్తే గోడ దగ్గర తేడా 15 వాట్లు. రోజుకి నాలుగు గంటలు ఆడినా నెలకి రెండు యూనిట్లు రాదు. కరెంటు బిల్లు కోసమైతే గోల్డ్ కొనక్కర్లేదు. నేను గోల్డ్ అనేది వేడి కోసం. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో ఏసీ లేని గదిలో పెట్టే పీసీ ఇది. పది డిగ్రీల వేడి పెరిగితే కెపాసిటర్ ఆయుష్షు సగమవుతుందనేది ఎలక్ట్రానిక్స్‌లో పాత లెక్క. 105 డిగ్రీల కెపాసిటర్లు అని రాసి ఉంటే మంచిది. 80 ప్లస్ ముద్ర వోల్టేజీ నాణ్యతకి హామీ కాదు, అది గుర్తుంచుకోండి.

(మూడు పిన్నుల ప్లగ్గు. వేలితో లావు పిన్ను చూపించాలి.)

కేబినెట్ ముట్టుకుంటే చేతికి జిల్లుమంటోందా? పీసీ పాడయ్యిందని కంగారు పడకండి. ఎస్‌ఎమ్‌పీఎస్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్లు కొద్దిపాటి కరెంటుని బాడీకి పంపుతాయి, అది ఎర్తింగ్‌లోకి పోవాలి. ఎర్తింగ్ లేకపోతే మీ చేతిలోంచి పోతుంది. లావు పిన్ను విరగ్గొట్టి రెండు రంధ్రాల సాకెట్‌లో దూర్చేవాళ్ళకి దండం. బొగ్గు, ఉప్పు వేసి గొయ్యి తీయించి ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ వేయించండి. మన నల్లమట్టిలో తేమకి లోటు లేదు.

ఇంకో భయం న్యూట్రల్. గాలివానకి స్తంభం మీద న్యూట్రల్ తీగ తెగితే ఒక్కో ఇంట్లోకి 300 వోల్టులు, ఆ పైన కూడా వచ్చేస్తుంది. పోయినసారి మా వీధిలో బల్బులు తెల్లగా వెలిగి పేలాయి, రెండు టీవీలు పోయాయి. స్పైక్‌గార్డ్ ఇక్కడ పనికిరాదు, అది క్షణకాలపు స్పైక్‌కే. వోల్టేజీ గీత దాటగానే లైను కట్ చేసే ప్రొటెక్టర్ మెయిన్ బోర్డులో పెట్టించుకోండి. ఎంత ఖరీదైన ఎస్‌ఎమ్‌పీఎస్ అయినా ఆ వోల్టేజీకి నిలుస్తుందని నమ్మలేం.

యూపీఎస్ కొంటే ప్యూర్ సైన్‌వేవ్, అంటే గోడ కరెంటులాంటి నున్నటి అల ఇచ్చేది తీసుకోండి. చౌక స్క్వేర్‌వేవ్‌తో కొన్ని ఎస్‌ఎమ్‌పీఎస్‌లు పేచీ పెడతాయి. ఇంటి ఇన్వర్టర్ మీద ఆడించేవాళ్ళు వెనకున్న స్విచ్చుని యూపీఎస్ మోడ్‌లో ఉంచండి, మారే టైము తగ్గుతుంది.

పాత ఎస్‌ఎమ్‌పీఎస్ మాడ్యులర్ కేబుళ్ళు, అంటే ఊడదీసి తగిలించే రకం, దాచుకుని కొత్తదానికి తగిలించకండి. ప్లగ్గు సరిపోయినా లోపల వైర్ల వరస కంపెనీకో రకం, ఎస్‌ఎస్‌డీ మాడిపోయాక తెలుస్తుంది.

(మళ్ళీ రాత్రి. కొత్త ఎస్‌ఎమ్‌పీఎస్. లైటు మిణుక్కుమంటుంది. గేమ్ ఆగదు.)

మావాడికి 650 పెట్టించి మూడు వారాలైంది. ఇప్పుడు పిన్ని ఫోన్ చేసి వీడు తెల్లారేదాకా నిద్రపోవట్లేదని నన్ను తిడుతోంది. మంచి ఎస్‌ఎమ్‌పీఎస్‌లలో చాలావాటికి వారంటీ ఐదేళ్ళు, కొన్నిటికి పదేళ్ళు ఉంటుంది. షాపులో ఇచ్చే ప్రింటు బిల్లు మన ఎండకి రెండేళ్ళలో తెల్లకాగితమైపోతుంది, ఇంటికెళ్ళేలోపే ఫొటో తీసి పెట్టుకోండి. ఉంటానండి.