పచ్చికలో వెడల్పాకు కలుపు: ఇనుముతో కాల్చే పద్ధతి

అందరికీ నమస్కారం.

మే నెల వచ్చేసరికి కెనడాలోని అంటారియో రాష్ట్రంలో మన మిస్సిసాగా, బ్రాంప్టన్ వీధుల్లో ఇళ్ళ ముందు డాండెలియన్ అనే వెడల్పాకు కలుపు మొక్క పసుపు పూలు నిండిపోతాయి. కొద్దిరోజుల్లోనే అవి దూదిపింజల్లా విడివడి పక్కింటి పచ్చికలో విత్తనాలు చల్లుతాయి. అప్పుడు వ్యవసాయ కుటుంబాల నుంచి వచ్చినవారు నన్ను అడిగే మాట ఒకటే: "మన దగ్గర వరిలో వెడల్పాకు కలుపుకు కొట్టే 2,4-డి ఇక్కడ కొట్టకూడదా?"

కొట్టకూడదు. అంటారియోలో ఇంటి పచ్చిక అందం కోసం అలాంటి మందులు వాడడాన్ని 2009 ఏప్రిల్ 22 నుంచి నిషేధించారు. దీని వెనుక పెద్ద పోరాటమే ఉంది. మాంట్రియల్ దగ్గరి హడ్సన్ అనే చిన్న పట్టణంలో జూన్ ఇర్విన్ అనే చర్మవైద్యురాలు ఏళ్ళ తరబడి పురపాలక సమావేశాలకు వెళ్ళి ఈ మందుల గురించి నిలదీశారు. 1991లో ఆ పట్టణం వాటిని కట్టడి చేస్తూ నిబంధన తెచ్చింది. పచ్చికలకు మందు చల్లే కంపెనీలు కోర్టుకెక్కాయి. 2001లో కెనడా సుప్రీంకోర్టు పట్టణం పక్షానే తీర్పు చెప్పింది. పసిపిల్లలు పాకే చోటు గురించి ఒక ఊరు తానే నిర్ణయించుకోగలగడం నాకు ఎంతో విలువైన విషయంగా కనిపిస్తుంది. దయచేసి అమెరికా సరిహద్దు అవతలి నుంచి ఆ మందు సీసాలు తెచ్చుకోకండి.

మరి ఏం చేయాలి? వేరుశనగ ఆకులు పాలిపోతే అన్నభేది పిచికారీ చేయడం మీలో చాలామంది చూసే ఉంటారు. అన్నభేదిలో ఉండేది ఇనుమే. మొక్కకు ఆహారమైన ఆ ఇనుమే మోతాదు మించితే ఆకును కాల్చేస్తుంది. ఇక్కడ చట్టం అనుమతించే మందుల్లో నేను ఎక్కువగా నమ్మేది చీలేటెడ్ ఇనుమునే, అంటే మొక్క సులువుగా పీల్చుకునేలా వేరే పదార్థంతో కట్టిపెట్టిన ఇనుము. వెడల్పాకు మొక్క దాన్ని ఎక్కువగా పీల్చుకుంటుంది. లోపల కణాలు దెబ్బతిని కొన్ని గంటల్లోనే ఆకు నల్లబడుతుంది. గడ్డి అంతగా పీల్చుకోదు కాబట్టి బతుకుతుంది, ఇంకాస్త పచ్చబడుతుంది కూడా.

అయితే ఒక తేడా గుర్తుంచుకోవాలి. 2,4-డి మొక్క హార్మోనును అనుకరిస్తూ వేరు దాకా దిగుతుంది. ఇనుము ఆకు దగ్గరే ఆగిపోతుంది. డాండెలియన్‌ది లోతైన తల్లివేరు, అందులో దాచుకున్న ఆహారంతో మళ్ళీ చిగురిస్తుంది. "మందు పనిచేయలేదు" అని చాలామంది వదిలేసేది ఇక్కడే. మూడు, నాలుగు వారాలకు రెండోసారి కొట్టాలి. చిగురించిన ప్రతిసారీ వేరులోని నిల్వ కొంత ఖర్చవుతుంది. వాన రాని రోజు, ఎండ మండని వేళ, సీసా మీద రాసిన పాళ్ళలోనే కలిపి కొట్టండి. కాంక్రీటు మీద పడితే తుప్పు మరక పడుతుంది, వెంటనే కడిగేయండి.

వెనిగర్ గురించి ఒక్కమాట. దానికి గడ్డీ కలుపూ తేడా తెలియదు. మా పెరట్లో కొట్టిన చోటల్లా గడ్డి కూడా మాడిపోయి, ఆ ఖాళీల్లో మళ్ళీ కలుపే మొలిచింది. ఇటుకల సందులకు మాత్రమే వాడండి. మొక్కజొన్న గ్లూటెన్ పొడి (మొక్కజొన్నలోని ప్రోటీన్ పొడి) మొలకెత్తే విత్తనాల వేళ్ళను ఆపుతుంది కానీ, ఎదిగిన మొక్కను ఏమీ చేయదు. కొత్తగా చల్లిన గడ్డి విత్తనాలనూ మొలవనివ్వదు, అందుకని రెండూ ఒకేసారి చల్లకండి.

కలుపు పోయిన చోటు ఖాళీగా ఉంచితే చేసిన పనంతా వృథా. ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో గడ్డి విత్తనాలు చల్లండి. కోసేటప్పుడు ఏడెనిమిది సెంటీమీటర్ల ఎత్తు ఉంచండి. ఆ నీడలో కలుపు విత్తనాలకు వెలుతురు అందదు.

బయట బల్ల మీద రెండు కుండీలు పెట్టాను. రెండింటిలోనూ గడ్డి, డాండెలియన్ కలిసే ఉన్నాయి. మొదటిదానికి ఈ ఉదయమే ఇనుము కొట్టాను, ఇప్పటికి ఆకు రంగు మారి ఉంటుంది. రెండోదానికి కొట్టి మూడు వారాలైంది. దాని నడిమధ్యన వేలిగోరంత కొత్త చిగురు ఉంది, దగ్గరికి వంగి చూడండి.