నొప్పి పోయింది, మానిందా?

అందరికీ నమస్కారం.

ట్రైనర్ కోర్సు ముగించి జిమ్‌లో పని మొదలుపెట్టబోతున్నారు. కండలు పెంచడం గురించి మీకు చాలామంది చెప్పే ఉంటారు. మోకాలి ఆపరేషన్ అయిన మనిషి మీ ముందుకొచ్చి నిలబడితే ఏం చేయాలో నేను చెబుతాను.

మూడు సెట్లు, సెట్‌కి పది రెప్స్, అంటే ఆపకుండా పదిసార్లు చేయడం, అని రోజూ రాస్తుంటాం కదా, ఆ లెక్క ఎక్కడిదో తెలుసా? ఆసుపత్రిది. రెండో ప్రపంచ యుద్ధంలో దెబ్బతిన్న అమెరికన్ సైనికులకు థామస్ డెలార్మ్ అనే సైనిక వైద్యుడు బరువులతో వ్యాయామం చేయించి, ఆ బరువు కొద్దికొద్దిగా పెంచుతూ పోయాడు. 1945లో ఆ పద్ధతిని ప్రచురించాడు. మొదట్లో సెట్లు చాలా ఎక్కువ ఉండేవి. 1948లో వాట్కిన్స్ అనే మరో వైద్యుడితో కలిసి మూడుకు తగ్గించాడు. గాయపడ్డవాళ్ళకు బరువు ఇవ్వడం మన వృత్తికి కొత్తేమీ కాదు.

ఒక అబ్బాయి సంగతి చెప్పాలి. ఊళ్ళో కబడ్డీ ఆడేవాడు. కూతకు వెళ్ళి వెనక్కి తిరుగుతుంటే కాలు మెలిపడి ఏసీఎల్ తెగింది, అంటే మోకాలి లోపల ఎముకలను కలిపి పట్టి ఉంచే లిగమెంట్. ఆపరేషన్ చేసి, తొడ వెనక కండను ఎముకకు అతికించే టెండాన్ తీసి కొత్త లిగమెంట్‌గా అమర్చారు. మూడు నెలలు ఫిజియో దగ్గర చేసి నా దగ్గరికి వచ్చాడు. నాలుగో నెలకల్లా నొప్పి లేదు, మెట్లు చకచకా దిగుతున్నాడు. "అన్నా, ఇంక ఆడొచ్చా?" అని రోజూ అడిగేవాడు. ఆ ఉత్సాహం చూసి దూకే వ్యాయామాలు మొదలుపెట్టించాను. ఫిజియోని ఒక్క మాట అడగలేదు. మర్నాటికి మోకాలు ఉబ్బిపోయింది. అదృష్టం, లిగమెంట్ తెగలేదు. కానీ ఆరు వారాలు వెనక్కి పోయాం. వాళ్ళమ్మ ఫోన్ చేసి "ఏమైంది బాబూ?" అని అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేదు. తప్పు నాదే.

నొప్పి పోవడం వేరు, లోపల మానడం వేరు. అమర్చిన టెండాన్ లిగమెంట్‌లా మారడానికి చాలా నెలలు పడుతుంది. మొదటి కొన్ని నెలల్లో అది పెట్టిననాటికంటే బలహీనపడుతుంది కూడా. సరిగ్గా అప్పుడే మనిషికి నొప్పి తగ్గి ధైర్యం వస్తుంది. 2016లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, తొమ్మిదో నెల దాకా ఆటలోకి దిగడం వాయిదా వేసిన ఒక్కో నెలకూ మోకాలికి మళ్ళీ గాయమయ్యే ముప్పు దాదాపు సగం చొప్పున తగ్గింది.

అలాగని భయపడి బరువే పెట్టకపోతే తొడ కండ కరిగిపోతుంది. నేను పాటించే లెక్క ఇది: చేస్తున్నప్పుడు నొప్పి పదికి మూడు దాటకూడదు, మర్నాడు పొద్దున వాపు ఉండకూడదు. ఉంటే బరువు తగ్గిస్తాను, వ్యాయామం మాన్పించను.

ఫిజియోథెరపీ డిగ్రీకి ఏళ్ళు పడుతుంది, మన సర్టిఫికెట్‌కి నెలలు చాలు. ఏ గాయమో తేల్చడం మన పని కాదు. నడుంనొప్పితో వచ్చినవాళ్ళు మూత్రం ఆపుకోలేకపోతున్నామన్నా, తొడల మధ్య స్పర్శ తెలియడం లేదన్నా వ్యాయామం ఊసెత్తకండి, వెంటనే ఎమర్జెన్సీకి పంపండి. ఆపరేషన్ తర్వాత పిక్క వాచి నొప్పి పెడితే మసాజ్ చేయొద్దు. రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, డాక్టర్ చూడాలి.

ఆ అబ్బాయిని పదో నెలలో ఫిజియో, నేను కలిసి పరీక్షించాం. తొక్కుడుబిళ్ళలో లాగా ఒంటికాలి మీద ముందుకు గెంతించి టేపుతో కొలిచాం. ఆపరేషన్ అయిన కాలు, రెండో కాలు గెంతిన దూరంలో కనీసం 90 శాతం అందుకోవాలి. ఇదొక్కటే చాలదు, తొడ బలం కూడా చూడాలి. టేపు తెచ్చాను. ఇద్దరు ముందుకు రండి, ఎలా కొలవాలో చూపిస్తాను.