కోవళం తీరంలో మూడు రోజులు: ఆయుర్వేద స్పా విడిదిలో నిజంగా దొరికేది ఏమిటి?

[దృశ్యం: విళింజం లైట్‌హౌస్ పైనుంచి కనిపించే కోవళం తీరం, కొబ్బరి తోటలు, కొండవాలులోని హోటళ్లు]

నమస్కారం. సముద్రపు ఒడ్డున ఉన్న ఒక మంచి హోటల్లో రెండు మూడు రోజులు ఉండి, ఒంటికి నూనె పట్టించుకుని, ఆవిరి స్నానం చేసి, కంటినిండా నిద్రపోయి రావాలని అనుకునేవారికి దక్షిణాదిలో ముందుగా గుర్తుకొచ్చే చోట్లలో కేరళలోని కోవళం ఒకటి. అక్కడి ఆయుర్వేద విడిదిలో అడుగుపెట్టినప్పటి నుంచి తిరిగి వచ్చేవరకు ఏం జరుగుతుంది, దాని వల్ల శరీరానికి ఏం ఒనగూడుతుంది, దేనిని ఆశించకూడదు అనే విషయాలను ఈ వీడియోలో వివరిస్తాను. నా అభిప్రాయాన్ని మాత్రం ముందే చెబుతున్నాను. విశ్రాంతి వేరు, చికిత్స వేరు. మూడు రోజుల్లో దొరికేది విశ్రాంతి. అది ఎంతో విలువైనది, కనుక దానిని చికిత్స అని పిలిచి అమ్మవలసిన అవసరం లేదు, అలా పిలిచినవారిని నమ్మవలసిన అవసరం మనకూ లేదు.

కోవళం తిరువనంతపురానికి దక్షిణంగా సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. 1930లలో తిరువాన్కూరు రాజవంశం ఇక్కడి కొండమీద హాల్సియన్ కాజిల్ అనే విడిది మందిరాన్ని కట్టించుకుంది. 1970ల నాటికి ప్రభుత్వ రంగంలో ఒక పెద్ద హోటల్ వచ్చింది. దానికి రూపకల్పన చేసిన వాస్తుశిల్పి చార్లెస్ కొరియా, కొండను చదును చేయకుండా, గదులను వాలు వెంబడి మెట్లు మెట్లుగా పేర్చి సముద్రం కనిపించేలా అమర్చారు. తరువాత వచ్చిన ఎన్నో విడిదులు ఇదే పద్ధతిలో కొండవాలునే ఎంచుకున్నాయి. అందువల్ల కోవళంలో చాలా హోటళ్లలో మెట్లు ఎక్కువగా ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారితో వెళ్లేవారు గది ఏ ఎత్తులో ఉందో, చికిత్స గదులకు నడిచే దారి ఎలా ఉందో బుకింగ్‌కు ముందే అడిగి తెలుసుకోవాలి. ఇంకొక చిన్న హెచ్చరిక కూడా అవసరం. చెన్నై నుంచి మహాబలిపురం వెళ్లే దారిలోనూ కోవళం అనే తీర గ్రామం ఉంది, అక్కడా హోటళ్లు ఉన్నాయి. ఇంటర్నెట్‌లో గది తీసుకునేటప్పుడు రాష్ట్రం పేరు కూడా చూసుకోండి.

[దృశ్యం: వర్షంలో తడుస్తున్న తోట, పెంకుల చూరు నుంచి జారుతున్న నీరు]

ఎప్పుడు వెళ్లాలన్నది తరువాతి ప్రశ్న. డిసెంబరు, జనవరి నెలల్లో ఆకాశం నిర్మలంగా, సముద్రం కొంత శాంతంగా ఉంటుంది కాబట్టి రద్దీ, అద్దెలు రెండూ ఎక్కువే. నైరుతి రుతుపవనాలు మామూలుగా జూన్ 1 నాటికి కేరళను తాకుతాయి. అక్కడి నుంచి సెప్టెంబరు వరకు సముద్రంలోకి దిగడం ప్రమాదం. అయితే కేరళీయులు తమ శరీర సంరక్షణకు ఎంచుకునేది సరిగ్గా ఈ వానకాలాన్నే. మలయాళ పంచాంగంలో చివరిదైన కర్కాటక మాసం, అంటే జూలై మధ్య నుంచి ఆగస్టు మధ్య వరకు, నూనె మర్దనాలకు, మూలికలు వేసి కాచిన కంజికి, అంటే బియ్యపు జావకు, పెట్టింది పేరు. వాతావరణం చల్లగా, తేమగా ఉన్నప్పుడు శరీరం నూనెను, ఆవిరిని బాగా స్వీకరిస్తుందని అక్కడి వైద్యుల నమ్మకం. ఆ నమ్మకం సంగతి ఎలా ఉన్నా, ఆ రోజుల్లో అద్దెలు తగ్గుతాయి, జనం తక్కువగా ఉంటారు, బయట తిరగడానికి వీలుండదు కనుక మనిషి తప్పనిసరిగా ఒకచోట కూర్చుంటాడు. ఈతకు కాక విశ్రాంతికే వెళ్లేవారికి నేను వానకాలాన్నే సూచిస్తాను.

ఇక విడిదిలో జరిగేది చూద్దాం. పద్ధతిగా నడిచే చోట మొదట జరిగేది వైద్యునితో సంభాషణ. బి.ఎ.ఎం.ఎస్. చదివిన ఆయుర్వేద వైద్యులు నాడి చూసి, నిద్ర, ఆకలి, మలమూత్రాలు, పాత జబ్బులు, వాడుతున్న మందులు, అలర్జీల గురించి అడుగుతారు. ఇక్కడ ఏదీ దాచకూడదు. గర్భం, జ్వరం, అదుపులో లేని రక్తపోటు, గుండెజబ్బు, రక్తం పలుచబడే మందులు, కాళ్ల సిరల్లో గడ్డలు, ఇటీవలి శస్త్రచికిత్స, చర్మంపై పుండ్లు, నువ్వులంటే పడకపోవడం, వీటిలో ఏది ఉన్నా చెప్పితీరాలి, ఎందుకంటే మర్దనంలోనూ ఆవిరిలోనూ వీటి వల్ల నిజమైన ప్రమాదం ఉంది. ఈ సంభాషణ ఏదీ లేకుండా రిసెప్షన్‌లో ఒక మెనూ కార్డు చేతికిచ్చి ఏది కావాలో ఎంచుకోమంటే, అది హాయిగా ఉండే స్పా కావచ్చు గాని ఆయుర్వేద కేంద్రం మాత్రం కాదు.

[దృశ్యం: చెక్కతో చేసిన ద్రోణి, పక్కన ఇత్తడి గిన్నెలో వేడెక్కుతున్న నూనె]

అన్నింటికీ మూలం అభ్యంగం. తెలుగువారికి ఇది కొత్త సంగతి కాదు. దీపావళి నాడు, పెళ్లిళ్లలో, బాలింతలకు, పసిపిల్లలకు నువ్వుల నూనె రాసి, నలుగు పెట్టి స్నానం చేయించడం మన ఇళ్లలో తరతరాలుగా ఉన్నదే. కోవళంలో కనిపించే తేడా ఆ పనిని ఒక శాస్త్రీయ క్రమంలో, శిక్షణ పొందినవారు చేయడంలో ఉంది. ద్రోణి అంటే నూనె కారిపోకుండా అంచులు కట్టి, ఒకే పెద్ద దుంగ నుంచి గాని పలకలతో గాని చేసిన చెక్క బల్ల. దాని మీద పడుకోబెట్టి, ధాన్వంతరం, క్షీరబల వంటి తైలాన్ని గోరువెచ్చగా చేసి, తల నుంచి పాదాల వరకు పట్టిస్తారు. చాలాచోట్ల ఇద్దరు థెరపిస్టులు ద్రోణికి చెరొకవైపు నిలబడి, నాలుగు చేతులూ ఒకే వేగంతో, ఒకే ఒత్తిడితో కదిలేలా మర్దిస్తారు. పొడవైన ఎముకల వెంట నిలువుగా, కీళ్ల దగ్గర గుండ్రంగా చేతులు నడుస్తాయి. ఆ లయ కుదిరిన తరువాత ఏ చెయ్యి ఎవరిదో తెలియదు, మనసు లెక్కపెట్టడం మానుకుంటుంది. నా దృష్టిలో మొత్తం విడిదిలో అత్యంత విలువైన గంట ఇదే.

కేరళ వైద్యులు ప్రధానంగా అనుసరించే ప్రాచీన ఆయుర్వేద గ్రంథం, వాగ్భటుని అష్టాంగహృదయం, అభ్యంగాన్ని దినచర్యలో భాగంగా చెబుతూ, తలకు, చెవులకు, పాదాలకు విశేషంగా చేసుకోమంటుంది. అదే చోట, అజీర్ణంతో ఉన్నవారికీ, కఫం పెరిగినవారికీ, శోధన చికిత్స, అంటే శరీరాన్ని లోపలి నుంచి శుద్ధిచేసే చికిత్స, అప్పుడే ముగిసినవారికీ అభ్యంగం పనికిరాదని కూడా చెబుతుంది. భోజనం చేసిన వెంటనే మర్దనానికి రావద్దని ఇప్పటి కేంద్రాలు చెప్పేదీ ఈ మాటకు దగ్గరగానే ఉంది. అందుకే అల్పాహారం తేలికగా తిని, కనీసం రెండు గంటల తరువాతి సమయాన్ని అడిగి తీసుకోవడం మంచిది.

మర్దనం తరువాత ఆవిరి. తల బయటికి ఉండేలా చెక్కపెట్టెలో కూర్చోబెట్టి మూలికల ఆవిరి పడతారు. వేడికి చర్మంలోని రక్తనాళాలు విప్పారి రక్తపోటు కొంత పడిపోతుంది. అందువల్లే పెట్టెలో నుంచి గబుక్కున లేచినవారికి కళ్లు తిరుగుతాయి. నెమ్మదిగా లేవాలి, ముందూ వెనుకా నీళ్లు తాగాలి, ఇబ్బందిగా ఉంటే మొహమాటపడకుండా ఆపమని చెప్పాలి. చివరికి పెసరపిండితో నూనె వదిలించి వేడినీళ్లు పోస్తారు, మాడు మీద రాస్నాది చూర్ణం కొద్దిగా రుద్దుతారు. తడి తల వల్ల జలుబు చేయకుండా ఇది కాపాడుతుందని అక్కడి ఇళ్లలో పిల్లలకు కూడా రాస్తారు.

[దృశ్యం: నుదుటిపై సన్నగా జారుతున్న తైలధార, దగ్గరి నుంచి]

ప్రకటనల్లో అందరూ చూసేది శిరోధార. కళ్లకు దూది అడ్డుపెట్టి, నుదుటికి నాలుగు వేళ్ల ఎత్తున వేలాడదీసిన పాత్ర నుంచి గోరువెచ్చని తైలాన్ని సన్నని ధారగా, ఇటు కణత నుంచి అటు కణతకు మెల్లగా ఊగుతూ పడేలా చేస్తారు. నూనెకు బదులు ఔషధాలు కలిపిన మజ్జిగ వాడితే అది తక్రధార. ఇది అరగంట నుంచి ముప్పావుగంట వరకు సాగుతుంది. శిరోధారపై జరిగిన అధ్యయనాల్లో ఆందోళన తగ్గినట్లు, నిద్ర మెరుగైనట్లు కనిపించింది కాని, అవి కొద్దిమందిపై జరిగిన చిన్న అధ్యయనాలు. ఆ ఫలితంలో తైలం వంతు ఎంత, ఫోన్ లేకుండా, కదలకుండా, మాట్లాడకుండా ఒక మనిషి అంతసేపు పడుకోవడం వంతు ఎంత అని విడదీయడం కష్టం. విశ్రాంతికి వెళ్లినవారికి ఆ తేడా పెద్ద సమస్య కాదు. నిద్రలేమికి మందు దొరికిందని భావించి ఇంట్లో వాడుతున్న మాత్రలను సొంతంగా ఆపేసేవారికి మాత్రం అది పెద్ద సమస్యే, అలా ఎన్నడూ చేయకండి.

ఔషధపు ఆకుల మూటలను తైలంలో వేడిచేసి అద్దే ఇలక్కిళి, సుమారు 60 రోజుల్లో పండే ఞవర బియ్యాన్ని పాలలో, బల అనే మొక్క వేరు కషాయంలో ఉడికించి మూటగట్టి రుద్దే ఞవరక్కిళి, వేడి నూనెలో ముంచిన బట్టలను ఒంటిమీద ఎడతెగకుండా పిండే పిళిచ్చిల్, ఇవన్నీ కూడా జాబితాలో ఉంటాయి. నడుము పట్టేసినవారికి ఇలక్కిళి ఉపశమనం ఇస్తుంది. మిగిలిన రెండూ వరుసగా చాలా రోజులు చేయవలసినవి గనుక మూడు రోజుల విడిదిలో వాటికి ఖర్చు పెట్టనవసరం లేదని నా సలహా.

ఇప్పుడు అసలు చిక్కుముడి వద్దకు వద్దాం. మూడు రోజుల ప్యాకేజీకి పంచకర్మ అని పేరు పెట్టడం కొన్నిచోట్ల కనిపిస్తుంది. వమనం (వాంతి చేయించడం), విరేచనం, వస్తి (ఎనిమా), నస్యం (ముక్కులో మందు వేయడం), రక్తమోక్షణం (చెడు రక్తాన్ని తీయడం) అనే అయిదు శోధన కర్మలలో రోగికి తగినదాన్ని వైద్యుడు ఎంచి చేయించడం పంచకర్మ. దానికి ముందు నూనె, నెయ్యి పట్టించే స్నేహనం, చెమట పట్టించే స్వేదనం, తరువాత పథ్యం, క్రమంగా మామూలు ఆహారానికి రావడం ఉంటాయి. అందుకే కేరళలో దీనికి 14, 21, 28 రోజుల గడువులు చెబుతారు. మూడు రోజుల్లో జరిగేది ఆ సన్నాహంలో ఒక చిన్న భాగమే. అలాగే శరీరంలోని విషాలన్నీ మూడు రోజుల్లో బయటికి పోతాయనే మాట కూడా నిలవదు. ఆ పనిని కాలేయం, మూత్రపిండాలు రాత్రింబవళ్లు చేస్తూనే ఉన్నాయి, ఆవిరి పెట్టెలో తగ్గే బరువు చెమటగా పోయిన నీటి బరువే. మరి మర్దనం వల్ల జరిగేది ఏమిటి? నెమ్మదిగా, నిలకడైన ఒత్తిడితో సాగే స్పర్శ వల్ల గుండె వేగం కొంత తగ్గుతుంది, బిగుసుకున్న కండరాలు సడలుతాయి, శ్వాస దీర్ఘమవుతుంది. ఏడాది పొడవునా పని ఒత్తిడిలో, ఇంటి బాధ్యతల్లో నలిగిన మనిషికి ఇది చిన్న మేలు కాదు.

వెళ్లే రోజున కొందరికి మందుల పొట్లాలు, సీసాలు అంటగడతారు. బయట రాసుకునే తైలాల విషయంలో అంత భయం లేదు. లోపలికి తీసుకునే మందుల్లో, ముఖ్యంగా లోహభస్మాలు కలిసిన రసౌషధాల్లో, జాగ్రత్త తప్పనిసరి. ఇంటర్నెట్‌లో అమ్ముడయ్యే ఆయుర్వేద మందులను పరీక్షించి అమెరికన్ వైద్య పత్రిక ఒకటి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, సుమారు అయిదో వంతు మందుల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి బయటపడింది. మూడు రోజుల పరిచయంతో రాసిచ్చిన మందును నెలల తరబడి మింగవద్దు.

[దృశ్యం: ఎర్ర జెండా ఎగురుతున్న లైట్‌హౌస్ బీచ్, నిలబడి చూస్తున్న లైఫ్‌గార్డు]

సముద్రం గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. కోవళంలో లైట్‌హౌస్ బీచ్, హవా బీచ్, సముద్ర బీచ్ అని రాతి కొనలు విడదీసిన తీరాలు ఉన్నాయి. లైఫ్‌గార్డులు ఎర్ర జెండా పాతిన చోట మోకాలి లోతుకైనా దిగకండి, పైకి శాంతంగా కనిపించే నీటిలోనూ మనిషిని లోపలికి లాగే ప్రవాహాలు ఉంటాయి. నూనె మర్దనం జరిగిన రోజు ఎండలో పడుకోవడం, సముద్రంలో మునగడం మానుకోవాలి. అరికాళ్లకు మిగిలిన నూనెతో తడి గచ్చు మీద జారిపడటం ఇలాంటి చోట్ల ఎదురయ్యే మామూలు ప్రమాదం కనుక రబ్బరు చెప్పులు వెంట ఉంచుకోండి.

హోటల్‌ను ఎంచుకునేటప్పుడు కిటికీలోంచి కనిపించే దృశ్యం కంటే ఫోన్‌లో వచ్చే సమాధానాలకు ఎక్కువ విలువ ఇవ్వండి. కేరళ పర్యాటక శాఖ మొదట గ్రీన్ లీఫ్, ఆలివ్ లీఫ్ పేర్లతో ఆయుర్వేద కేంద్రాలకు గుర్తింపు ఇవ్వడం మొదలుపెట్టింది, ఆ పేర్లు తరువాత మారాయి. అర్హతగల వైద్యుడు ఉండటం, మగవారికి మగవారు, ఆడవారికి ఆడవారు మాత్రమే మర్దనం చేయడం ఆ నిబంధనల్లో ముఖ్యమైనవి. ఆసుపత్రుల నాణ్యతను పరిశీలించే జాతీయ సంస్థ ఎన్.ఎ.బి.హెచ్. గుర్తింపు ఆసుపత్రులకు ఉన్నట్లే ఆయుర్వేద కేంద్రాలకూ ఉంది. గుర్తింపు ఏమిటి, వైద్యుడు రోజంతా ఉంటారా, ఒకసారి వాడిన నూనెను మరొకరికి వాడరు కదా అని నేరుగా అడగండి. మంచి కేంద్రం ఈ ప్రశ్నలకు నొచ్చుకోదు.

మూడు రోజులను ఎలా గడపాలన్నది చివరి విషయం. సికింద్రాబాద్ నుంచి గుంటూరు, తిరుపతి మీదుగా తిరువనంతపురం వెళ్లే శబరి ఎక్స్‌ప్రెస్ ప్రయాణానికే ఒక రోజు దాటుతుంది కాబట్టి, సెలవు తక్కువగా ఉన్నవారికి హైదరాబాద్ నుంచి విమానం తప్పదు. చేరిన రోజు సాయంత్రం వైద్యుణ్ణి కలవడం తప్ప ఏదీ పెట్టుకోకండి. తరువాత రోజుకు ఒక్క మర్దనం చాలు. డబ్బు కట్టాం కదా అని ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం వరుసగా సిట్టింగులు పెట్టుకున్నవారు గదికీ చికిత్స గదికీ మధ్య పరుగులు తీస్తూనే విడిదిని ముగిస్తారు. మధ్యాహ్నాలను ఖాళీగా వదిలేయండి. రెండో రోజు ఉదయం అభ్యంగం, మూడో రోజు ఉదయం తేలికపాటి అభ్యంగంతో శిరోధార పెట్టుకుని, విమానాన్ని నాలుగో రోజు ఉదయానికి తీసుకుంటే, శిరోధార తరువాత వచ్చే మత్తు లాంటి బడలికను విమానాశ్రయపు వరుసల్లో కాకుండా మీ గదిలోనే నిద్రగా తీర్చుకోవచ్చు. రాత్రి భోజనానికి కంజి, పెసలు కూర అడగండి, పెద్ద హోటళ్లలో కూడా ముందుగా చెబితే చేసి పెడతారు.