పలకకు బలపం ఎందుకు పట్టేది కాదు? బడిలో రాతపలకల కథ

నమస్కారమండీ. పాత ప్రాథమిక పాఠశాల అనగానే చాలామంది చెట్టు, గంట అంటారు. ఇవాళ మనం పలక గురించి, నల్లబల్ల గురించి మాత్రమే మాట్లాడుకుందాం.

మార్కాపురం పలకలు మీకు తెలిసే ఉంటాయి. బంకమట్టి భూమిలోపల ఒత్తిడికి, వేడికి గట్టిపడి పలకరాయి అవుతుంది. పొరలుగా చీలుతుంది కాబట్టే పల్చగా తీయగలిగారు. కింద పడితే పగిలేదీ అందుకే. ముందు చెక్క చట్రం మూలలు వదులవుతాయి, రాయి లోపల అటూఇటూ కదులుతుంది, ఆ తర్వాత ఒక్క దెబ్బ చాలు.

ఇక బలపం జారడం. ఉమ్మితో తుడిస్తే పలక మీద జిడ్డు పేరుకుంటుంది, చేతి నూనె కూడా తోడవుతుంది. దానికి మందు బొగ్గు, దొండాకు. బొగ్గును మెత్తగా నూరి, నలిపిన ఆకుతో కలిపి పలకంతా రుద్దాలి. పొడి జిడ్డును గీకేస్తుంది, పసరు నలుపును పట్టి ఉంచుతుంది. ఎండలో బాగా ఆరాక పొడిగుడ్డతో తుడవాలి. తడి ఉండగానే రాస్తే అక్షరం అలుక్కుపోతుంది. నల్లబల్లకూ ఇదే వైద్యం. కొన్నిచోట్ల పాత బ్యాటరీ సెల్లు పగలగొట్టి ఆ మసి పూసేవారు. అది వట్టి బొగ్గు కాదండీ, అందులో మాంగనీసు డయాక్సైడ్ ఉంటుంది. పిల్లల చేత చేయించాల్సిన పని కాదు.

1987లో కేంద్ర ప్రభుత్వ పథకం ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ వచ్చింది. బడికి కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, నల్లబల్లలు, పటాలు ఉండాలన్నారు. తర్వాత గోడకే సిమెంటు బోర్డులు. వాటికి మెరిసే ఆయిల్ పెయింట్ వేస్తే సుద్దముక్క జారుతుంది, కిటికీ వెలుగు పడి పక్క వరసల వాళ్లకు ఏమీ కనిపించదు. మెరుపు లేని రంగే వేయాలి, అదీ గోడను ఉప్పుకాగితంతో రుద్దాకే. ఆంధ్రలో 2019లో మొదలైన నాడు-నేడు, తెలంగాణలో 2022 నాటి మన ఊరు-మన బడి, ఈ సర్కారు బడుల బాగు పథకాలు ఆకుపచ్చ బోర్డులు తెచ్చాయి. కొన్ని బళ్లలో స్మార్ట్ టీవీలూ వచ్చాయి, కరెంటు ఉన్నంతసేపు.

అయినా ఒకటో తరగతికి పలకను మించింది లేదంటాం. "పలకలు పైకెత్తండి" అంటే ముప్పైమంది జవాబులు ఒక్క చూపులో తెలుస్తాయి, నోటుపుస్తకంతో అది కుదరదు. అక్షరాభ్యాసానికి రాతిపలక కొంటుంటే వేలితో తట్టి చూడండి. ఖంగుమంటే తీసుకోండి, మొద్దుగా పలికితే లోపల పగులుంది.